ఝాలానా చిరుత సఫారీ: శని, ఆదివారాల ప్రయాణానికి ఆన్‌లైన్ టికెట్ దరఖాస్తు విధానం

జైపూర్ నగరం అంచున, ఆరావళి కొండల మధ్య ఉన్న ఝాలానా అడవిలో రాజస్థాన్ అటవీ శాఖ చిరుత సఫారీ నడుపుతోంది. హైదరాబాద్ నుంచి శుక్రవారం రాత్రి బయలుదేరి సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉండాలనుకునేవాళ్ళకు వీలయ్యే చిరుత సఫారీల్లో ఇదొకటి. దీనికి టికెట్ ఎలా తీసుకోవాలి, ఫారంలో ఏం నింపాలి, ఎక్కడ పని చెడుతుంది, గేటు దగ్గర ఏం అడుగుతారు అన్నవి ఇక్కడ వరసగా చూద్దాం.

ముందుగా ఒక ప్రశ్న చాలామందికి వస్తుంది. మన దగ్గర చిరుతలు లేవా, అంత దూరం ఎందుకు? 2022 లెక్కింపు ప్రకారం దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలో ఎక్కువ చిరుతలున్నది మన నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలోనే. కానీ ఉండడం వేరు, కనపడడం వేరు. నల్లమలలో పులి ఉంది. పులి తిరిగే చోట చిరుత పగలు బయటికి రావడం తక్కువ, వచ్చినా దారి పక్కన కూర్చోవడం అరుదు. పైగా అడవి చాలా పెద్దది, పొదలు దట్టం. ఝాలానా విస్తీర్ణం సుమారు 20 చదరపు కిలోమీటర్లు మాత్రమే, అందులో పులి లేదు. అక్కడ పెద్ద వేటజంతువు చిరుతే కాబట్టి పొద్దున, సాయంత్రం వెలుతురులో కూడా బండ్ల దారుల మీదికి, నీటి గుంటల దగ్గరికి వస్తుంది. దట్టమైన వానాకాలంలో తప్ప ధోక్ చెట్ల మధ్య నుంచి చూపు కాస్త దూరం ఆనుతుంది. అందుకే రెండు రోజులే చేతిలో ఉన్నవాళ్ళకు ఈ చిన్న అడవి మేలు.

అసలు పోర్టల్ ఏది

టికెట్ ఇచ్చేది రాజస్థాన్ ప్రభుత్వ బుకింగ్ పోర్టల్: ఓబీఎంఎస్-టూరిస్ట్ డాట్ రాజస్థాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్. గూగుల్‌లో "ఝాలానా సఫారీ బుకింగ్" అని వెతికితే పైన వచ్చేవాటిలో చాలా వరకు ప్రైవేటు ఏజెంట్ల సైట్లు. అడవి బొమ్మలు, చిహ్నాలు, "అఫీషియల్" అనే మాట కూడా పెడతారు. సీటుకు సర్కారు రుసుం కంటే ఎక్కువ తీసుకుని, మీ పేర్లతో ఇదే పోర్టల్‌లో బుక్ చేస్తారు. చిరునామా "రాజస్థాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్" అని ముగియకపోతే అది ప్రభుత్వ సైటు కాదు. ఏజెంటు ద్వారా తీసుకోవడం నేరమేమీ కాదు గానీ, పేరులో తప్పు పడితే గేటు దగ్గర నిలబడాల్సింది మీరే, ఏజెంటు కాదు. మీ టికెట్ మీరే తీసుకోండి.

దరఖాస్తుకు కూర్చునే ముందు

ఫారం తెరిచాక కాగితాల కోసం లేస్తే, తిరిగొచ్చేసరికి పేజీ గడువు దాటిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి నింపాలి. అందుకని ప్రయాణికులందరి వివరాలూ ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి: గుర్తింపు కార్డులో ఉన్న అక్షరాలతోనే పేరు, స్త్రీ లేక పురుషుడు, ఏ దేశ పౌరులు, ఏ కార్డు, దాని నంబరు. వయసు కూడా రాసి ఉంచుకోండి.

మన తెలుగువాళ్ళు తరచుగా ఇబ్బంది పడేది పేరు దగ్గరే. ఇంటిపేరు మనకు ముందుంటుంది, ఒక కార్డులో పూర్తిగా, ఇంకో కార్డులో ఒక్క అక్షరంగా. ఆధార్‌లో "కొండపల్లి వెంకట రమణ" అని, డ్రైవింగ్ లైసెన్సులో "కె.వి. రమణ" అని, విమానం టికెట్‌లో "రమణ కొండపల్లి" అని ఉంటుంది. సఫారీకి ఏ కార్డు చూపించబోతున్నారో ముందే నిర్ణయించుకుని, దాని మీద ఉన్నది ఉన్నట్టే టైపు చేయండి. పొట్టి పేర్లు, ముద్దు పేర్లు రాయకండి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ళు ఏ కార్డులో ఏ ఇంటిపేరు ఉందో మరోసారి చూసుకోవాలి. ఆధార్ నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు వాడుకోవచ్చు. ఫారంలో ఏ కార్డు నంబరు ఇచ్చారో ఆ కార్డే, అసలుదే, జేబులో ఉండాలి. జిరాక్సు పట్టుకెళ్ళి వాదనకు దిగితే ఆలస్యమయ్యేది మీ బండికే.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఇంకో మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఎక్కడ నివసిస్తున్నా భారతీయుల రుసుమే కట్టాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిన పిల్లలకు అక్కడి పాస్‌పోర్టు ఉంటే ఫారంలో పౌరసత్వం గడిలో నిజమే రాయండి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్ళకు జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాల ప్రవేశ రుసుంలో భారతీయులతో సమానత ఇస్తూ కేంద్ర హోం శాఖ 2021 మార్చిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అయితే అది ప్రవేశ రుసుంకే. బండి, గైడు రుసుములు అందులోకి రావు, పైగా ఝాలానా జాతీయ ఉద్యానం కాదు. కాబట్టి ఓసీఐ కార్డు, పాస్‌పోర్టు రెండూ వెంట ఉంచుకుని, పోర్టల్ ఏ రుసుం చూపిస్తే అది కట్టండి. భారతీయుల రుసుం కట్టి గేటు దగ్గర తేడా తేలితే సఫారీ సమయం కాస్తా ఆ తగవులోనే పోతుంది.

ఫారం నింపడం

పోర్టల్‌లో మీ ఖాతాలోకి ప్రవేశించాక మొదట వచ్చేది స్థలం ఎంపిక. ఇక్కడ నిదానంగా చూడాలి. అదే జాబితాలో రణథంభోర్, సరిస్కా ఉంటాయి. జైపూర్‌లోనే ఉన్న ఇంకో చిరుత అడవి, 2022లో మొదలైన ఆమాగఢ్ కూడా ఉంటుంది. ఆమాగఢ్ గేటు వేరు, దారి వేరు. ఝాలానా అనుకుని ఆమాగఢ్ తీసుకుంటే ఆ పొద్దున మీరు తప్పు గేటు దగ్గర ఉంటారు, మీ బండి ఇంకో గేటు నుంచి వెళ్ళిపోతుంది.

తర్వాత తేదీ, షిఫ్ట్. రోజుకు రెండే షిఫ్ట్‌లు, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, ఒక్కొక్కటి దాదాపు రెండున్నర నుంచి మూడు గంటలు. సూర్యోదయాన్ని బట్టి వేళలు ఏడాదిలో మారుతుంటాయి. పోయిన జనవరిలో వెళ్ళొచ్చిన బంధువు చెప్పిన టైము మేలో పనికిరాదు. మీ టికెట్ మీద అచ్చయిన వేళే లెక్క.

బండి ఆరుగురు పర్యాటకులు కూర్చునే ఓపెన్ జిప్సీ, అంటే పైకప్పు లేని జీపు. మీరు కొనేది సీటు, బండి కాదు. నలుగురు వెళితే మిగతా రెండు సీట్లలో వేరేవాళ్ళు కూర్చుంటారు. కుటుంబం ఒకే బండిలో ఉండాలంటే అందరి పేర్లూ ఒకే దరఖాస్తులో ఉండాలి. అన్న ఒక ఫోనులో, చెల్లి ఇంకో ఫోనులో విడివిడిగా బుక్ చేసి, గేటు దగ్గర ఒకే జిప్సీ ఇమ్మంటే ఇవ్వడం కష్టం, ఎందుకంటే మిగతా సీట్లు అప్పటికే వేరేవాళ్ళవి. ఏడుగురు ఉంటే రెండు బండ్లు తప్పవు. అప్పుడు ఆరు, ఒకటి అని కాకుండా నాలుగు, మూడు అని విడగొట్టి, పెద్దవాళ్ళను చెరో బండిలో ఉంచితే నయం.

ఆ తర్వాత ఒక్కొక్కరి వివరాలు. పిల్లలను వదిలేయకండి. వాళ్ళకూ సీటు కావాలి, పేరు టికెట్ మీద ఉండాలి. వీడియో కెమెరా ఉంటే ఫారంలోనే చూపించండి, దానికి వేరే రుసుం. డ్రోన్ అసలు తీసుకెళ్ళకూడదు.

అన్నీ నింపాక మొత్తం పేజీని ఒకసారి బయటికి చదవండి: స్థలం, తేదీ, ఉదయమా సాయంత్రమా, పేర్లు, నంబర్లు. డబ్బు కట్టాక పేరు మార్చడం, ఒకరి బదులు ఇంకొకరు వెళ్ళడం కుదరదనే అనుకుని నింపండి. ఎవరొస్తారో తేలకుండా సీటు కొనకండి.

డబ్బు కట్టే చోట

మొత్తంలో ప్రవేశ రుసుం, బండి అద్దె, గైడు రుసుం, ఇతర సర్‌చార్జీలు కలిసి ఉంటాయి. కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ దేనితోనైనా కట్టండి గానీ మధ్యలో వెనక్కి బటన్ నొక్కకండి, పేజీ రిఫ్రెష్ చేయకండి. ఖాతాలో డబ్బు తెగి టికెట్ రాని సందర్భాలు ఇక్కడే పుడతాయి. అలా జరిగితే కంగారుపడి వెంటనే రెండోసారి కట్టేయొద్దు. ముందు పోర్టల్‌లో మీ బుకింగ్‌ల పేజీ తెరిచి చూడండి. చాలాసార్లు టికెట్ తయారై ఉంటుంది, మీ తెర మీద కనపడక పోయుంటుంది. నిజంగానే రాకపోతే, డబ్బు తెగి అవతలివారికి ధ్రువీకరణ అందని ఆన్‌లైన్ కార్డు, యూపీఐ చెల్లింపుల్లో లావాదేవీ జరిగిన తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు చెబుతోంది. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం. లావాదేవీ నంబరు, తెర ఫొటో దాచుకుని ముందు మీ బ్యాంకును అడగండి.

టికెట్‌ను పీడీఎఫ్‌గా దించుకుని ఫోనులో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకోండి. గేటు దగ్గర నెట్ అందక తెర తిరుగుతూనే ఉంటే కాగితమే గట్టెక్కిస్తుంది.

ఎన్ని షిఫ్ట్‌లు తీసుకోవాలి

ఒకే సఫారీ పెట్టుకుని రాకండి. చిరుత కనపడుతుందని ఏ టికెట్టూ హామీ ఇవ్వదు. శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం రెండూ తీసుకుంటే కనపడే వీలు బాగా పెరుగుతుంది. డబ్బుకు ఇబ్బంది లేకపోతే ఆదివారం సాయంత్రం మూడోది కూడా తీసుకోండి. కోటలు, బజార్లు శనివారం పొద్దున, ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోవచ్చు. జైపూర్ విమానాశ్రయం సాంగానేర్ వైపు ఉంది, ఝాలానా నుంచి దగ్గరే. అయినా ఆదివారం సాయంత్రం సఫారీ తీసుకుంటే తిరుగు విమానం రాత్రి తొమ్మిదిన్నర తర్వాతదే చూసుకోండి. హైదరాబాద్ నుంచి రైలుకు ఒక రోజు దాటుతుంది కాబట్టి రెండు రోజుల ప్రయాణానికి రైలు సరిపడదు.

క్రమం ఇలా ఉండాలి: ముందు సఫారీ సీట్లు, ఆ తర్వాతే విమానం, చివర హోటల్. శని, ఆదివారాల షిఫ్ట్‌లకు, దీపావళి, క్రిస్మస్ సెలవులకు సీట్లు ముందే అయిపోతాయి. కౌంటరులో దొరకకపోతుందా అని విమానం ఎక్కితే ఆమేర్ కోట చూసి రావాల్సి వస్తుంది. హోటల్ మాలవీయ నగర్ వైపు తీసుకుంటే తెల్లవారుజామున గేటుకు చేరడం తేలిక.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కానీ నీళ్ళు గుంటల్లోనే మిగులుతాయి కాబట్టి చిరుత అక్కడికి రాక తప్పదు. చూడడమే ముఖ్యమైతే ఆ నెలలే మంచివి. వృద్ధులు, చంటిపిల్లలు ఉంటే నవంబరు, ఫిబ్రవరి మేలు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో పైకప్పు లేని జిప్సీలో చలి మనవాళ్ళు ఊహించనంత ఉంటుంది. మంకీ క్యాప్, గ్లౌజులు, మందపాటి జాకెట్ తప్పనిసరి.

గేటు దగ్గర, అడవిలో

టికెట్ మీది వేళకు అరగంట ముందే కౌంటరు దగ్గర ఉండండి. కార్డులు చూసి, బండి, డ్రైవరు, గైడు ఎవరో చెబుతారు. బండి నంబరు రాసుకోండి. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మిగతా ఐదుగురినీ ఆపరు.

మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు బట్టలు వేసుకోండి. సెంటు వద్దు. ఫోను మూగగా ఉంచి, ఫ్లాష్ ఆపేయండి. బండి దిగడం, నిలబడి కేకలు వేయడం, తినేవి విసరడం నిషేధం. ఇది మీ క్షేమం కోసమే కాదు. మనిషి తిండికి అలవాటు పడిన చిరుత అడవి దాటి బస్తీలోకి వెళుతుంది, ఝాలానాకు ఒకవైపు గోడ అవతల ఇళ్ళే. చివరికి బోనులో పడేది చిరుతే.

చిరుతను వెతికే పని ఎక్కువగా చెవులది. నెమలి ఉన్నట్టుండి గట్టిగా అరిచినా, మనుబోతు ఒకే దిక్కుకు చూస్తూ కదలక నిలబడ్డా డ్రైవరు ఇంజను ఆపుతాడు. ఆ నాలుగైదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. "పోనియ్ భయ్యా, అక్కడేం లేదు" అని తొందరపెట్టేవాళ్ళే చాలాసార్లు చిరుతను పోగొట్టుకుంటారు. ఇంకో బండికి కనపడిందని తెలిసి, వేగంగా తోలితే డబ్బిస్తామని డ్రైవరుకు ఆశ పెట్టకండి. రూటు దాటితే చర్య పడేది అతని మీద, అతని బతుకు ఆ స్టీరింగ్ మీదే ఉంది. చిరుత కనపడకపోయినా హైనాలు, నక్కలు, గుడ్లగూబలు ఉన్న అడవి ఇది. గైడును అడిగితే సంతోషంగా చూపిస్తాడు.

ఇంకో రోజు సెలవు దొరికితే

పల్లెటూళ్ళ మధ్య చిరుతలను చూడాలనుకునేవాళ్ళు రాజస్థాన్‌లోనే పాలీ జిల్లాలో ఉన్న జవాయి గురించి అడుగుతుంటారు. అక్కడ అంతా గ్రానైటు గుట్టలు, గుహల్లో చిరుతలు, గుట్టల మీద గుళ్ళు, కింద రబారీలనే పశుకాపరుల గొర్రెల మందలు. కానీ ఉదయపూర్ లేదా జోధ్‌పూర్‌లో దిగి అక్కడి నుంచి రోడ్డు మీద మూడు గంటల వరకు పోవాలి, రెండు రోజుల్లో ఇరుకు. రైలులో అయితే జవాయి బాంధ్, ఫాల్నా దగ్గరి స్టేషన్లు. సఫారీలు ఎక్కువగా బేరా, సేనా చుట్టుపక్కల క్యాంపుల వాళ్ళే నడుపుతారు, కాబట్టి క్యాంపుతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి: బండిలో ఎంతమంది, ఎన్ని సఫారీలు, గది అద్దెలో సఫారీ కలిసి ఉందా లేదా, వాన పడి ఆగితే డబ్బు సంగతేమిటి. చీకటి పడ్డాక లైట్లు కొట్టి చూపిస్తామనే క్యాంపును వదిలేసి ఇంకొకటి చూసుకోండి.