మాన్యువల్ కారు క్రూజ్ కంట్రోల్‌పై చెయ్యి వేసే ముందు జాగ్రత్తలు

క్రూజ్ కంట్రోల్ అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే కారును ఒకే వేగంతో నడిపించే ఏర్పాటు. అది పట్టడం లేదని విప్పి చూసే ముందు ఇవి చూసుకోండి. ముందు బ్రేక్ లైట్లు. ఒకరు పెడల్ తొక్కితే ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. లైట్లు వెలగకపోయినా, కాలు తీశాక ఆరకపోయినా బండి రోడ్డెక్కించొద్దు. క్రూజ్ సంగతి తర్వాత.

అసలు ఫాల్టేనా? చాలా కార్లలో గంటకు 40 కి.మీ. లోపు క్రూజ్ పట్టదు.

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి. క్లచ్ స్విచ్ (క్లచ్ తొక్కారో లేదో కారు కంప్యూటర్‌కు చెప్పేది) తీసి ఉండగా ఎవరైనా స్టార్ట్ చేస్తే, గేరులో ఉన్న బండి ముందుకు దూకుతుంది. తాళం మీ జేబులో పెట్టుకోండి.

మాన్యువల్ కారులో నా మొదటి అనుమానం ఎప్పుడూ క్లచ్ స్విచ్ మీదే. టార్చ్ వేసి పెడల్ పైభాగం చూడండి. స్విచ్ మొన ఆనే చోట కొన్ని కార్లలో చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. అది పెళుసెక్కి పొడిపొడిగా మ్యాట్ మీద రాలిపోతే, కంప్యూటర్ క్లచ్ తొక్కారనే అనుకుంటుంది, క్రూజ్ పట్టనివ్వదు. దొరికింది కదా అని స్విచ్‌ను వైరుతో కలిపేసి, లేదా టేపుతో నొక్కిపెట్టి వదిలేయకండి, దయచేసి. తర్వాత క్రూజ్‌లో క్లచ్ తొక్కితే క్రూజ్ ఆగదు, ఇంజిన్ ఒక్కసారిగా రేజ్ అవుతుంది.

స్టీరింగ్ బటన్ల వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంది. పసుపు రంగు కనెక్టర్లకు టెస్ట్ ల్యాంప్ (కరెంటు వస్తుందో లేదో చూసే బల్బు) తగిలించొద్దు. ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

టెస్ట్ డ్రైవ్ పగలు, పొడి రోడ్డు మీద, ట్రాఫిక్ లేనప్పుడు. కాలు బ్రేక్ దగ్గరే ఉంచండి.