మైకు నుంచి మిక్సర్ దాకా – 3వ పాఠం: సరైన వైరు, సరైన కన్వర్టర్

గత పాఠంలో డైనమిక్ (బయటి కరెంటు అక్కర్లేని), కండెన్సర్ (కరెంటు కావాల్సిన) మైకుల తేడా చూశాం. ఇక వాటిని మిక్సర్‌కో, కెమెరాకో, ఫోన్‌కో కలపాలి. జాక్ సాకెట్‌లో పట్టిందంటే పని అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. లోపల ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో చూడటమే అసలు పని.

స్టేజి మైకు అడుగున మూడు పిన్నులుంటాయి. దీని పేరు ఎక్స్‌ఎల్‌ఆర్. సౌండ్ సిస్టమ్ వాళ్లు క్యానన్ అంటారు. 1వ పిన్ను గ్రౌండ్. 2వ దాంట్లో సిగ్నల్ నేరుగా, 3వ దాంట్లో అదే సిగ్నల్ తలకిందులుగా వస్తాయి. దారిలో కరెంటు వైర్ల నుంచి అంటుకునే గుయ్యిమనే శబ్దం మాత్రం రెండిట్లోనూ దాదాపు ఒకేలా చేరుతుంది. మిక్సర్ 2లోంచి 3ని తీసివేస్తుంది. దాంతో గుయ్యిమనేది పోతుంది, మాట మిగులుతుంది. ఆడియోలో ఇంత అందమైన ఉపాయం ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఒక చివర క్యానన్, రెండో చివర పీ-38 (6.35 ఎంఎం లావు) మోనో జాక్ ఉన్న వైరు చవకే, కానీ అందులో మామూలుగా 3వ పిన్ను గ్రౌండ్‌కి కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఈ లాభం ఉండదు. ఐదారు మీటర్లు దాటితే ఆ వైరు వద్దు.

ఎక్కువమంది దెబ్బతినేది కెమెరా దగ్గర. క్యానన్ నుంచి 3.5 ఎంఎం స్టీరియో జాక్‌కి వైరు కొంటారు. చాలా వైర్లలో 2వ పిన్ను జాక్ కొసకు, 3వది రింగుకు (కొస వెనకే ఉండే లోహపు భాగానికి) కలిపి ఉంటాయి. కెమెరా వాటిని ఎడమ, కుడి చానళ్లు అనుకుంటుంది. హెడ్‌ఫోన్‌లో మాట వినిపిస్తుంది కానీ ఎటు నుంచి వస్తోందో తెలియదు. అదే వీడియో ఒక్క స్పీకరున్న ఫోన్‌లో పెడితే రెండు చానళ్లూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మాట దాదాపు మాయం! మైకు పోయిందనుకుని కొత్తది కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. డైనమిక్ మైకుకు కావాల్సిన వైరులో 2వ పిన్ను కొసకూ రింగుకూ రెండిటికీ వెళ్లాలి. 1, 3 పిన్నులు గ్రౌండ్‌కి వెళ్లాలి. దుకాణంలో దొరక్కపోతే రిపేరు చేసే వాళ్లతో సోల్డరింగ్ చేయించుకోండి. క్యానన్ ఉన్న కండెన్సర్ మైకైతే మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకు వైరులోంచే పంపే కరెంటు) అడుగుతుంది. మామూలు కన్వర్టర్ ఏదీ దాన్ని పుట్టించలేదు.

ఫోన్‌కి కాలర్ మైకు పెట్టేటప్పుడు జాక్ మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు ఉంటే ఫోన్‌ది. రెండే ఉంటే కెమెరాది. రెండు గీతల జాక్‌ను నేరుగా పెడితే ఫోన్ దాన్ని హెడ్‌ఫోన్ అనుకుని తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది. మధ్యలో మూడు గీతల కన్వర్టర్ ఉండాలి. టైప్-సి కన్వర్టర్లలో కొన్ని వినడానికి మాత్రమే, మైకుకు పనికొస్తుందో లేదో కొనేముందే అడగండి.

ఒక హెచ్చరిక. కాలర్ మైకు నడిచేది కొద్ది వోల్టులతోనే. దాన్ని మామూలు కన్వర్టర్‌తో మిక్సర్ క్యానన్‌కి కలిపి 48 వోల్టులు ఆన్ చేస్తే కాలిపోవచ్చు. ఆ వోల్టేజీని తగ్గించే సర్క్యూట్ ఉన్న కన్వర్టరే వాడాలి.

వచ్చే పాఠానికి ముందు: మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో (తీగ కలిసి ఉంటే బీప్‌మనే సెట్టింగులో) పెట్టి, మీ దగ్గరున్న ప్రతి వైరులో ఏ పిన్ను ఎక్కడికి వెళ్తోందో చూసి, వైరు మీదే చీటీ అంటించండి. గెయిన్ (మైకు సిగ్నల్‌ను మిక్సర్ పెంచే మోతాదు) ఎంత పెట్టాలన్నది 4వ పాఠంలో.