జవాన్ మీద కేసు పడితే ఏం చేయాలి? బెంగళూరులోని తెలుగు సైనిక కుటుంబాల కోసం

అల్సూరు దగ్గరి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్‌లో, ఏఎస్‌సీ (ఆర్మీ సర్వీస్ కోర్) సెంటర్‌లో, జాలహళ్లి, యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒకరి మీద ఆరోపణ వచ్చిందని అనంతపురానికో చిత్తూరుకో ఫోన్ వెళ్తే ఇంట్లోవాళ్లు వెంటనే లాయర్ కోసం పరుగెడతారు. లాయర్ కావాల్సిందే. అయితే సైనిక కేసు చాలావరకు కోర్టు కూర్చోకముందే ఒక దారి పట్టేస్తుంది. ఎంక్వైరీలో ఎవరేం చెప్పారు, జవాన్ ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఏ సాక్షిని ఏమీ అడగకుండా వదిలేశాడు అన్నవే తర్వాత ప్రతి మెట్టులోనూ వెంటాడతాయి. అందుకే ఇక్కడ మొదటి మెట్ల గురించే ఎక్కువ చెబుతున్నాం.

కింద చెప్పినవి 1950 ఆర్మీ చట్టం, 1954 ఆర్మీ రూల్స్ ప్రకారం. వాయుసేనకూ నౌకాదళానికీ వేరే చట్టాలున్నాయి. సూత్రాలు దగ్గరగానే ఉంటాయి కానీ సెక్షన్ నంబర్లు మారతాయి. వాయుసేనలో సమ్మరీ కోర్ట్ మార్షల్ (కమాండింగ్ ఆఫీసరే న్యాయమూర్తిగా ఉండే విచారణ) లేదు.

మొదటి మెట్టు: కేసు పోలీసుల చేతిలో ఉందా, యూనిట్ చేతిలోనా?

ఒకే ఘటన మీద అటు సివిల్ కోర్టులోనూ ఇటు కోర్ట్ మార్షల్‌లోనూ విచారణకు వీలుంటే, ఎక్కడ జరపాలన్నది సెక్షన్ 125 కింద సైనికాధికారులు నిర్ణయిస్తారు. నిందితుడు కోరుకునే వీలు లేదు. పోలీసులు చార్జ్ షీట్ వేసినా, మేజిస్ట్రేట్ 1978 నాటి నియమాల ప్రకారం కమాండింగ్ ఆఫీసర్‌కు నోటీసు ఇచ్చి 15 రోజులు ఆగాలి. ఆలోగా సైన్యం కేసు కోరవచ్చు.

దీనికి మినహాయింపు ఉంది. బాధితులు సైనిక చట్టం కిందికి రానివాళ్లయి, జవాన్ మీద హత్య, హత్య కాని ప్రాణహరణం, అత్యాచారం ఆరోపణలుంటే సెక్షన్ 70 ప్రకారం మామూలు కోర్టే విచారిస్తుంది. యాక్టివ్ సర్వీసులోనో (యుద్ధం లాంటి సైనిక చర్యల్లో ఉన్నప్పుడో), దేశం బయటో, సరిహద్దు పోస్టులోనో జరిగితే తప్ప ఆ కేసు కోర్ట్ మార్షల్‌కు వెళ్లదు.

సెలవులో ఉండగా బెంగళూరు పోలీసులు పట్టుకెళ్తే కుటుంబం చేయాల్సినవి ఇవి. స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబర్, సెక్షన్లు రాసుకోండి. అరెస్టుకు కారణమేమిటో రాతపూర్వకంగా అడగండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లాలి. యూనిట్‌కు అదే రోజు ఫోన్ చేసి, ఆ వెంటనే ఈమెయిల్ కూడా పంపండి. లేకపోతే జవాన్ లాకప్‌లో ఉన్న రోజులు యూనిట్ రికార్డులో సెలవు లేకుండా గైర్హాజరుగా పడే ప్రమాదం ఉంది, అప్పుడు ఒక కేసు రెండవుతుంది. సైనికుణ్ణి కేంద్రం అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని చాలామంది నమ్ముతారు. కానీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 42 ఇచ్చే ఆ రక్షణ, డ్యూటీలో భాగంగా చేసిన పనికే వర్తిస్తుంది. బ్రిగేడ్ రోడ్డులో జరిగిన గొడవకు అది పనికిరాదు. అరెస్టు భయం ముందే ఉంటే అదే సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ అడగవచ్చు.

రెండో మెట్టు: కస్టడీ మొదలైన గంట రాసుకోండి

యూనిట్ కస్టడీలోకి తీసుకుంటే 48 గంటలు దాటకుండా కమాండింగ్ ఆఫీసర్ ఆరోపణను పరిశీలించాలి. దాటితే కారణం పై అధికారికి తెలపాలి. ఆ తర్వాత విచారణ మొదలుకాకుండా రోజులు గడుస్తుంటే ప్రతి 8 రోజులకూ రిపోర్టు వెళ్లాలి. ఇవి సెక్షన్ 102, 103లో ఉన్న మాటలు. క్వార్టర్ గార్డ్‌లో (యూనిట్ లాకప్‌లో) పెట్టిన తేదీ, సమయం, పెట్టినవారి పేరు ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. ఆరు నెలల తర్వాత ఈ తేదీ ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

మూడో మెట్టు: ‘తప్పయింది సాబ్’ అని రాసివ్వకండి

ఎక్కువ కేసులు పాడయ్యేది ఇక్కడే. కంపెనీ ఆఫీసులో తెల్లకాగితం ఇచ్చి, ‘రాసిచ్చేయ్, ఇక్కడే తేల్చేద్దాం’ అంటారు. జవాన్ ‘నా వల్ల తప్పు జరిగింది, ఇకపై జరగదు’ అని హిందీలో నాలుగు లైన్లు రాసి సంతకం పెడతాడు. తర్వాత అదే ఒప్పుకోలు అయి ఫైల్లో కూర్చుంటుంది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న రక్షణ ఇక్కడ దానంతటదే రాదు, ఎందుకంటే యూనిట్ అధికారి పోలీసు కాదు. బెదిరించో ఆశపెట్టో రాయించారని చూపగలిగితేనే దాన్ని పక్కన పెట్టించగలరు. గదిలో ఉన్నది ఇద్దరే అయితే అది చూపడం చాలా కష్టం.

అందుకని మర్యాదగా, గట్టిగా ఒకే మాట చెప్పాలి: ‘సాబ్, ఆరోపణ రాతలో ఇవ్వండి, చదువుకుని రాతలోనే జవాబిస్తాను.’ ఇది ఆజ్ఞ ధిక్కారం కాదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ణి బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతోంది. ఇప్పటికే రాసిచ్చేసి ఉంటే, ఆ పరిస్థితి ఏమిటో, ఎవరెవరున్నారో, ఏం చెప్పి రాయించారో వివరిస్తూ వెంటనే తేదీతో లేఖ ఇవ్వాలి. ట్రయల్‌లో మొదటిసారి ఆ మాట ఎత్తితే లాయర్ నేర్పాడంటారు.

వాట్సాప్ విషయంలోనూ జాగ్రత్త. భయపడి చాట్లు చెరిపేయకండి. మీకు పనికొచ్చేవీ వాటితోనే పోతాయి, చెరిపేయడమే మీ మీద అనుమానమవుతుంది.

నాలుగో మెట్టు: కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో కూర్చోవడం మీ హక్కు

కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అంటే ఘటనపై సైన్యం జరిపే తొలి దర్యాప్తు. ఒకరి ప్రతిష్ఠ దెబ్బతినే ఎంక్వైరీ అయితే రూల్ 180 ప్రకారం మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉండే, సాక్షులను ప్రశ్నించే, తన సాక్షులను తెచ్చే అవకాశం అతనికి ఇవ్వాలి. చాలా చోట్ల జవాన్‌ను పిలిచి స్టేట్‌మెంట్ తీసుకుని పంపేస్తారు. అప్పుడు ‘రూల్ 180 ప్రకారం నన్ను పూర్తిగా హాజరు కానివ్వండి’ అని ఎంక్వైరీ నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు రాతపూర్వక విన్నపం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

ఎంక్వైరీలో ఇచ్చిన స్టేట్‌మెంట్‌ను రూల్ 182 కారణంగా నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడలేరు. కానీ సాక్షిని క్రాస్ చేయడానికి (ఎదురు ప్రశ్నలు అడగడానికి) వాడుకోవచ్చు. సాక్షి ఎంక్వైరీలో రాత్రి 9 గంటలని, ట్రయల్‌లో 11 గంటలని చెబితే ఆ కాగితమే మీ ఆయుధం. రూల్ 184 కింద కాపీ అడిగి పెట్టుకోండి. ఇంకో కారణమూ ఉంది. ఎంక్వైరీలో రూల్ 180 పాటించి ఉంటే, తర్వాత జరగాల్సిన రూల్ 22 విచారణను కమాండింగ్ ఆఫీసర్ వదిలేయవచ్చు. అంటే ఎంక్వైరీలో నోరు మూసుకుని కూర్చున్నవాడికి తొలి విచారణలో మళ్లీ అడిగే అవకాశం పోవచ్చు.

ఐదో మెట్టు: రూల్ 22, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్

రూల్ 22లో కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సాక్షులు చెబుతారు, నిందితుడు క్రాస్ చేయవచ్చు. నేరమే కనబడకపోతే అక్కడే కొట్టేయాలి. లేకపోతే కేసు సెక్షన్ 80 కింద చిన్న శిక్షకో, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌కో (సాక్షుల మాటలు రాతలో పెట్టే దశకో) వెళ్తుంది. సెక్షన్ 80 కింద నిర్బంధం 28 రోజుల వరకూ ఉండవచ్చు, కాబట్టి ‘చిన్నది’ అన్న మాటకు మోసపోవద్దు.

సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌లో ప్రతి సాక్షి మాటా నిందితుడి ఎదుటే రాయాలి. ఎంటీ స్టోర్‌లో (వాహనాల విభాగం స్టోర్‌లో) డీజిల్ తగ్గిందన్న కేసే తీసుకోండి. అడగాల్సినవి ఇలా ఉంటాయి: చివరిసారి స్టాక్ కొలిచింది ఏ తేదీ? కొలిచినప్పుడు ఎవరు సంతకం పెట్టారు? స్టోర్ తాళాలు ఎన్ని సెట్లు, ఎవరెవరి దగ్గర? ఆ రాత్రి తాళాల రిజిస్టర్‌లో ఎంట్రీ ఉందా? మీరు డబ్బాలు చూశారా, చూశానని ఎవరో చెప్పారా? ‘నేను చేయలేదు, వీళ్లు అబద్ధమాడుతున్నారు’ అని కోపంగా అనడం కంటే ఈ ఐదు ప్రశ్నలకు రికార్డులో పడే జవాబులు పదింతలు విలువైనవి. ‘క్రాస్ చేయడం లేదు’ అని రాసి సంతకం పెట్టిస్తే మాత్రం అదే చివరిదాకా నడుస్తుంది.

చివర్లో నిందితుడికి హెచ్చరిక చదువుతారు: ఏమీ చెప్పనవసరం లేదు, చెప్పింది సాక్ష్యంగా వాడవచ్చు అని. లాయర్‌తో మాట్లాడకుండా స్టేట్‌మెంట్ ఇవ్వకపోవడమే మంచిది.

భాష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రికార్డు ఇంగ్లీషులో రాస్తారు. నిందితుడికి ఇంగ్లీషు రాకపోతే, రాసింది అతనికి అర్థమయ్యే భాషలో వినిపించాలని రూల్ 23 చెబుతోంది. బ్యారక్ హిందీ పెరేడ్‌కు సరిపోతుంది, సాక్ష్యానికి సరిపోదు. ‘నేను తీసుకున్నాను’ అన్నదానికీ ‘నాకు ఇచ్చారు’ అన్నదానికీ మధ్య ఉద్యోగం పోయేంత తేడా ఉంది. తెలుగు తెలిసినవారిని ఏర్పాటు చేయమని ముందు రోజే రాసి ఇవ్వండి. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో తెలుగు తెలిసినవారిని వెతకడం కష్టమేమీ కాదు.

ఆరో మెట్టు: ఎవరు తోడుంటారు?

ఆర్మీలో కోర్ట్ మార్షల్ నాలుగు రకాలు. జనరల్‌లో కనీసం 5గురు, డిస్ట్రిక్ట్‌లో కనీసం 3గురు అధికారులు కూర్చుంటారు. డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్ 2 ఏళ్ల వరకూ జైలు వేయగలదు. మూడోది సమ్మరీ జనరల్. నాలుగోదైన సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో కమాండింగ్ ఆఫీసరే న్యాయమూర్తి. లెఫ్టినెంట్ కల్నల్, ఆ పై ర్యాంకు అయితే ఏడాది వరకూ శిక్ష వేయగలరు. జవాన్ల కేసులు ఎక్కువగా దీంట్లోకే వస్తాయి.

జనరల్, డిస్ట్రిక్ట్ రెంటిలో డిఫెండింగ్ ఆఫీసర్‌ను (నిందితుడి తరఫున వాదించే సైనికాధికారిని) అడగవచ్చు, అనుమతితో సివిల్ లాయర్‌ను పెట్టుకోవచ్చు. సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో రూల్ 129 ప్రకారం ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ పక్కన కూర్చుని సలహా ఇస్తాడు, ప్రశ్నలు రాసిస్తాడు. అతను లాయరైనా సాక్షిని స్వయంగా అడగలేడు, కోర్టుతో మాట్లాడలేడు. నోరు తెరవాల్సింది జవానే. అందుకని ప్రశ్నలు ముందే తెలుగులో రాసుకుని, గట్టిగా చదివి అలవాటు చేసుకోవాలి.

చార్జ్ షీట్ చెప్పిన తర్వాత ట్రయల్‌కు కనీసం 96 గంటల వ్యవధి ఉండాలి. యాక్టివ్ సర్వీసులో అయితే 24. చార్జ్ షీట్, సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ కాపీలు చేతికి రాకపోతే అది అభ్యంతరంగా రికార్డులో రాయించండి.

లాయర్‌ను ఎంచుకునేటప్పుడు ఒకటే అడగండి: సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ చదివి క్రాస్ ప్రశ్నలు ఎప్పుడైనా తయారు చేశారా? బెయిల్ కేసుల్లో మంచి పేరున్న క్రిమినల్ లాయర్‌కు కూడా రూల్ 180 తెలియకపోవచ్చు. డబ్బు లేకపోతే న్యాయసేవల ప్రాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. 1987 చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, ఎస్సీ ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత సాయం ఉంది.

ఏడో మెట్టు: ‘గిల్టీ’ అనే ముందు

‘ఒప్పుకో, తక్కువతో పోతుంది’ అని తోటివాళ్లే చెబుతారు. ఒప్పుకున్నాక సాక్షుల పరీక్ష ఉండదు, అప్పీలులో పట్టుకోవడానికి ఏమీ మిగలదు. డిస్మిస్ అయితే పెన్షన్ కూడా ప్రమాదంలో పడుతుంది. రూల్ 115 ప్రకారం ఒప్పుకోలు రాసే ముందు ఆరోపణ అర్థం, దాని ఫలితం కోర్టు వివరించాలి. అర్థం కాకపోతే ‘నాట్ గిల్టీ’ అనండి.

మీరు ఫిర్యాదు చేసిన అధికారే కోర్టులో కూర్చుంటే అప్పుడే అభ్యంతరం చెప్పండి. రంజిత్ ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు 1987లో ఇదే కారణంతో సమ్మరీ కోర్ట్ మార్షల్ తీర్పును కొట్టేసింది. అన్నం తిననన్నందుకు ఏడాది జైలు, డిస్మిసల్ వేయడం నేరానికి మించిన శిక్ష అని కూడా చెప్పింది.

సెలవు దాటిన కేసు

చాలామందికి వచ్చేది ఇదే. 30 రోజులు దాటితే సెక్షన్ 106 కింద ఎంక్వైరీ కూర్చుంటుంది. ఎంత ఆలస్యమైనా పట్టుబడకముందే స్వయంగా హాజరు కావాలి. తిరిగి వచ్చే ఉద్దేశం లేదన్న డిజర్షన్ ఆరోపణకు అదే మంచి జవాబు. సొంత యూనిట్ దూరమైతే దగ్గరి యూనిట్‌లో రిపోర్ట్ చేసి, తేదీ, సమయం రాయించుకోండి. జబ్బు పడితే దగ్గరి మిలిటరీ హాస్పిటల్‌కు వెళ్లండి. ప్రైవేటు డాక్టర్ తర్వాత రాసిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే తెస్తే నమ్మరు. ఓపీ చీటీ, మందుల బిల్లులు, టెస్టు రిపోర్టులు తేదీలతో ఉండాలి.

తీర్పు తర్వాత

సమ్మరీ కోర్ట్ మార్షల్ తప్ప మిగతా కోర్ట్ మార్షల్ తీర్పులను పై అధికారి ఖరారు చేయాలి. ఖరారుకు ముందూ తర్వాతా సెక్షన్ 164 కింద పిటిషన్ వేయవచ్చు. సమ్మరీ కోర్ట్ మార్షల్ తీర్పుకు ఖరారు అక్కర్లేదు, వెంటనే అమలవుతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. ముందుగా రూల్ 147 కింద ప్రొసీడింగ్స్ కాపీ అడగండి. అది లేకుండా ఏ లాయరూ అప్పీలు సరిగ్గా రాయలేడు.

అప్పీలు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు, 2007 చట్టం సెక్షన్ 15 కింద. కస్టడీలో ఉంటే బెయిల్ కూడా అక్కడే అడగాలి. బెంగళూరువాళ్లు తడబడేది బెంచ్ దగ్గర. కర్ణాటక కొచ్చి బెంచ్ పరిధిలో ఉంది. చెన్నై బెంచ్ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పుదుచ్చేరిలది. అయితే డిస్మిస్ అయి ఊరికి వచ్చేసినవాళ్లు తాము ఉంటున్న చోటు పరిధిలోని బెంచ్‌లోనే వేయవచ్చు. అంటే బెంగళూరు యూనిట్‌లో శిక్ష పడినా, అనంతపురంలో ఉంటున్న జవాన్ చెన్నైలో అప్పీలు వేసుకోవచ్చు. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేసే దారి మూసుకుపోలేదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది.