వైన్‌లో ఆల్కహాల్ ఎంత? బీరుతో, విస్కీతో పోల్చి చూసే పద్ధతి

సీసా మీద 13% అని ఉంటే, అందులోని ప్రతి 100 మిల్లీలీటర్ల వైన్‌లో 13 మిల్లీలీటర్లు ఆల్కహాలే అని అర్థం. బీరులో ఇది సాధారణంగా 4 నుంచి 6 శాతం, వైన్‌లో 11 నుంచి 14 శాతం వరకు ఉంటుంది. విస్కీ, వోడ్కా, రమ్ వంటివి 40 శాతం దగ్గర ఉంటాయి. అయితే శాతం ఒక్కటే చూసి బీరు తేలిక, విస్కీ ఘాటు అని తేల్చేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే ఒంట్లోకి చేరేది శాతం కాదు, గ్రాముల్లో తూగే ఆల్కహాల్.

లెక్క సులువే. గ్లాసులో పోసిన మిల్లీలీటర్లను శాతంతో గుణించి 100తో భాగిస్తే ఆల్కహాల్ ఎన్ని మిల్లీలీటర్లో తెలుస్తుంది. నీటికంటే ఆల్కహాల్ తేలిక కనుక, దాన్ని 0.789తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 12% వైన్ 150 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో ఆల్కహాల్ 18 మిల్లీలీటర్లు, అంటే సుమారు 14 గ్రాములు. 5% బీరు 355 మిల్లీలీటర్లలోనూ, 40% విస్కీ 44 మిల్లీలీటర్లలోనూ దాదాపు అంతే ఉంటుంది. అమెరికాలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే ఈ 14 గ్రాములే. బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములు. ఇవి పోలిక కోసం పెట్టుకున్న కొలతలే తప్ప, అంతవరకు తాగితే ప్రమాదం లేదని చెప్పేవి కావు. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

వైన్ ఘాటుకు హద్దు పెట్టేది ఈస్ట్. ద్రాక్షరసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్, ఆ ఆల్కహాల్ 15 శాతం దాటే సరికి సాధారణంగా తట్టుకోలేక పని ఆపేస్తుంది. విస్కీ వంటివాటిని పులిసిన ద్రవం నుంచి ఆల్కహాల్‌ను కాచి ఆవిరిగా వేరుచేసి తయారు చేస్తారు కాబట్టి వాటికి ఆ హద్దు లేదు. పోర్ట్ మాత్రం వైన్ పేరుతోనే ఉన్నా, పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ (ఘాటైన ఆల్కహాల్) కలపడం వల్ల 20 శాతం దాకా వెళ్తుంది. దాన్ని మామూలు వైన్ లెక్కన పోసుకోకూడదు.

నా దృష్టిలో అసలు పొరపాటు జరిగేది గ్లాసు దగ్గరే. మీరు రోజూ వాడే వైన్ గ్లాసులో, అలవాటుగా పోసే మట్టం వరకు నీళ్లు పోసి, ఆ నీటిని కొలపాత్రలోకి వంపి చూడండి. వెడల్పు గ్లాసులో సగం కూడా నిండనట్టు కనిపించేది 250 మిల్లీలీటర్లు ఉండవచ్చు. అది 14% వైన్ అయితే 35 మిల్లీలీటర్ల ఆల్కహాల్, అంటే 27 గ్రాములకు పైమాటే. ఒక గ్లాసు అనుకున్నది దాదాపు రెండు డ్రింకులన్నమాట. విస్కీలో సోడా, ఐసు ఎంత కలిపినా శాతం తగ్గుతుంది గాని, గ్లాసులోని ఆల్కహాల్ ఒక్క గ్రాము కూడా తగ్గదు.