బిడ్డకు పెద్ద ఆపరేషన్ – 3వ పాఠం: ముందుగా చెప్పడం, బొమ్మతో ఆడించడం

పోయిన పాఠంలో ఆరోగ్యశ్రీ కాగితాలు, ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు ఒక ఫైలులో సర్దుకున్నాం. ఈసారి బిడ్డ వంతు.

నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో గుండె రంధ్రం ఆపరేషన్‌కి హైదరాబాద్ బయల్దేరే ఇంట్లో సంగతి వాడకట్టంతా తెలిసి ఉంటుంది, ఒక్క బిడ్డకు తప్ప. “జూ చూసొద్దాం పా” అని బస్సెక్కిస్తారు. వార్డులో నర్సు చేతికి క్యాన్యులా (మందులెక్కించే సన్న గొట్టం) పెట్టేదాకే ఆ అబద్ధం నిలుస్తుంది. ఆ తర్వాత మీరు “ఏం గాదు బిడ్డా” అంటే నమ్మడు. అసలు నమ్మాల్సిన రోజు ఇంకా ముందుంది.

ఎన్ని రోజుల ముందు చెప్పాలనేది వయసును బట్టి. రెండు మూడేళ్ల వాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు చాలు. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు మూడు నుంచి ఐదు రోజులు. బడికి పోయే పెద్ద పిల్లలకు వారం, రెండు వారాలు. పదమూడు దాటిన వాళ్లను మొదటి నుంచే డాక్టర్ దగ్గర కూర్చోబెట్టుకోండి.

ఏం చెప్పాలి? ఆరేళ్ల పిల్లాడికైతే ఇట్లా:

“నీ గుండెల చిన్న రంధ్రం ఉంది. గందుకే ఉరికితే ఆయాసమొస్తది. డాక్టర్ సారు దాన్ని మూస్తడు. మత్తు మందిచ్చినంక నీకేం తెల్వది. అయిపోయినంక సారే లేపుతడు. లేసినంక నొప్పుంటది, దానికి మందిస్తరు.”

ఆఖరి మాట చాలామంది మింగేస్తారు. దాన్నే వదలొద్దు. మత్తు నిద్ర ఇంట్లో పడుకునే నిద్రలాంటిది కాదని, మధ్యలో మెలకువ రాకుండా ఒక డాక్టర్ పక్కనే ఉండి చూసుకుంటాడని కూడా చెప్పండి. లేకపోతే తర్వాత రాత్రి పడుకోవడానికే భయపడే పిల్లలుంటారు.

ఇంకొకటి. ఈ వయసు పిల్లలు జబ్బును శిక్ష అనుకుంటారు. “నువ్వు అల్లరి చేసినందుకు కాదు” అని వాళ్లు అడగకున్నా చెప్పాలి. “అన్నం తినకుంటే సూదేపిస్త” అని బెదిరించే నానమ్మకు ఈ రోజే ముకుతాడు వేయండి (ఇది ఆపరేషన్ కన్నా కష్టం, తెలుసు).

ఇక బొమ్మ. పాత బొమ్మ, కొంచెం గాజు గుడ్డ, ప్లాస్టర్, సూది లేని సిరంజి, ఒక మాస్క్ చాలు. మీరు చేసి చూపించకండి, బిడ్డనే డాక్టర్‌ని చేయండి. బొమ్మకు మాస్క్ పెట్టనివ్వండి, ఛాతీ మీద పట్టీ వేయనివ్వండి. గుండె ఆపరేషన్ తర్వాత ఐసీయూలో కళ్లు తెరిస్తే ఛాతీ దగ్గర నీరు, రక్తం బయటికి పోయే గొట్టాలు, ఒంటేలుకు ఒక గొట్టం, మెడకో చేతికో సెలైన్ లైన్లు ఉంటాయి. దారం ముక్కలతో అవన్నీ బొమ్మకు కట్టించండి. కొన్నాళ్లకు ఒక్కొక్కటే తీసేస్తారని కూడా ఆటలోనే చేయించండి.

నోట్లో శ్వాస గొట్టం ఉన్నంతసేపు మాట రాదు. పిల్లలు ఎక్కువగా బెదిరేది అక్కడే. కాబట్టి ఇంట్లోనే సైగలు నేర్పండి: చేయి గట్టిగా పిసికితే నొప్పి, బొటనవేలు పైకెత్తితే బాగున్నా, వేళ్లు ఆడిస్తే అమ్మ కావాలి. నోరు మూసుకుని ఒక ఆటలా ఆడించండి. అవే సైగలు కాగితం మీద రాసి ఐసీయూ సిస్టర్‌కి ఇవ్వండి, ఎందుకంటే ఆ సమయంలో మిమ్మల్ని లోపల ఉండనివ్వకపోవచ్చు.

మెడలో చెర్వుగట్టు గుడి తాడో, దర్గా తాయెత్తో ఉంటుంది, నడుముకు మొలతాడుంటుంది. థియేటర్‌కి పోయేముందు అవి తీయమంటారు. “అవి అమ్మ చేతికి కట్టుకుంటది, మళ్ల నీకే” అని ముందే ఒప్పందం చేసుకుంటే ఆ పొద్దున ఏడుపు తగ్గుతుంది. గోళ్ల రంగు తుడిచేయండి, ఆక్సిజన్ చూసే క్లిప్ వేలికే పెడతారు. ఊగే పాలపన్ను ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పక చెప్పండి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా దాచొద్దు. డేటు పోతుందన్న టెన్షన్‌తో దాస్తారు గానీ, మత్తులో ఊపిరి ఇబ్బంది అవుతుంది.

కడుపు ఖాళీ సంగతి: మామూలుగా అన్నం, టిఫిన్, పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు. మీ ఆసుపత్రి వేరే టైం చెబితే అదే ఖాయం. పాలు పోసిన చాయ్ నీళ్ల లెక్కలోకి రాదు. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే ఈ పట్టింపు. కొంగు చాటున ఇచ్చే ఒక్క బిస్కెట్‌తోనూ ఆపరేషన్ వాయిదా పడుతుంది. వెంట వచ్చినవాళ్లు బిడ్డ ముందు తినకుండా బయట తిని రావాలి.

ఈ వారం అభ్యాసం: పైన రాసిన ఆరు మాటలు మీ యాసలో రాసుకుని బిడ్డకు చెప్పండి. తర్వాత “డాక్టర్ ఏం చేస్తడు?” అని బిడ్డనే అడగండి. “నా గుండె తీసేస్తడు” అంటే కోప్పడకుండా మళ్లీ బొమ్మ తీయండి. సైగలు మాత్రం రోజూ ఆడించండి.

వచ్చే పాఠంలో డిశ్చార్జి: ఛాతీ ఎముక అతుక్కునేదాకా చంకల కింద చేతులు పెట్టి ఎందుకు ఎత్తకూడదు, మరి ఎట్లా ఎత్తుకోవాలి.