పగిలిన జాడీతో మొజాయిక్: సుత్తి పట్టే ముందు

ఊరగాయ జాడీ పగిలితే పారేయడానికి మనసొప్పదు. కడపలో మా మిద్దె మీది తులసికోటకు నేను అతికించింది ఆ గోధుమరంగు, తెలుపు పెంకులే. ఇలా పెంకుల్ని ముగ్గులా పేర్చి అతికించడమే మొజాయిక్. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో ఈ పని పెట్టుకునేవాళ్లు ముందు ఇది చదవండి.

జాడీని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, సుత్తితో మెల్లగా కొట్టండి. కళ్లకు పక్కలు మూసుకునే అద్దాలు, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే. అంచులు సానరాయి మీద తడిగానే రుద్దండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చేటు. చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. తళతళలాడుతున్నాయని ట్యూబ్‌లైటు ముక్కలు మాత్రం వాడొద్దు, వాటిలో పాదరసం ఉంటుంది.

ఆరుబయట పెట్టేదానికి తెల్ల జిగురు పనికిరాదు, వానకు ఊడిపోతుంది. సిమెంటే కావాలి. 1976లో జనానికి తెరిచిన చండీగఢ్ రాక్ గార్డెన్‌లో, దాన్ని తయారుచేసిన నేక్‌చంద్ గాజులు, పింగాణీ ముక్కలు పొదిగింది సిమెంట్‌లోనే. అయితే తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, మంట చాలాసేపటికి గానీ తెలియదు. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. కంట్లో పడితే ధారగా నీళ్లు పోసి కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అడుగున కడప బండ వేస్తుంటే నున్నటి వైపు సిమెంట్ సరిగా పట్టదు, గరుకు వైపు వాడండి. మన ఎండకు సిమెంట్ త్వరగా బిగుసుకుంటుంది. పొద్దున్నే, గుప్పెడు గుప్పెడు కలుపుకోండి.

నాకు దెబ్బ తగిలింది సుత్తి దగ్గర కాదు. పెంకుల మధ్య సందులు సిమెంట్‌తో నింపాక పైపూతను వట్టి అరచేత్తో తుడిచాను. సిమెంట్ కింద ఒక పెంకు అంచు లేచి ఉంది, కనబడలేదు. తెల్లటి పూత ఎర్రబడ్డాకే చూసుకున్నాను. బొటనవేలి కింద మూడు కుట్లు పడ్డాయి. ఇప్పుడు సందులు నింపేముందు పెంకుల మీద దూది ఉండను నెమ్మదిగా తిప్పుతాను. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ అంచు లేచినట్టే, దాన్ని మళ్లీ రుద్దుతాను. తుడిచేది మందపాటి స్పంజితోనే.

పిల్లలకు పగలగొట్టే పని, సిమెంట్ పని ఇవ్వొద్దు. రుద్దిన ముక్కలు, గుండీలు, గవ్వలు ఇచ్చి ముగ్గులా పేర్చమనండి, ఆ పనిలో వాళ్లే మనకంటే నయం. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ముందే చూసుకోండి.

మిగిలిన పెంకులను చెత్తసంచిలో అలాగే వేయొద్దు. అట్టపెట్టెలో పెట్టి, టేపు చుట్టి, లోపల పెంకులున్నాయని చెత్తబండి వాళ్లకు నోటితో చెప్పి ఇవ్వండి.