ఉల్లిపొర స్లైడు: కణకవచం, ప్లాస్మాపొర విడివిడిగా కనబడాలంటే

ఎర్ర ఉల్లిపాయ తీసుకోండి, తెల్లది వద్దు. పైన ఎండిన పొట్టు తీసేసి, కండగల రేకు వెలుపలి వైపు నుంచి ఊదారంగు పలచటి పొరను పట్టకారుతో లాగండి. అర సెంటీమీటరు ముక్క చాలు. వెంటనే స్లైడు మీది నీటిచుక్కలో పరచాలి, ఆరితే ముడుచుకుపోతుంది.

కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి, సూదితో మెల్లగా దించండి. ఒక్కసారిగా పడేస్తే గాలిబుడగలు చేరతాయి. నల్లటి అంచుతో గుండ్రంగా కనబడే వాటిని చూసి పిల్లలు కేంద్రకమనుకుంటారు!

ముందు 10 ఎక్స్ కటకంతో చూడండి. ఇటుకలు పేర్చినట్టున్న గళ్ల గీతలే కణకవచాలు, అంటే కణాల గట్టి వెలుపలి గోడలు. ఊదారంగు ఉన్నది రిక్తికలో, అంటే కణం లోపలి ద్రవపు సంచిలో. హరితరేణువులు వెతక్కండి, నేలలో పెరిగే ఉల్లిగడ్డలో ఉండవు.

ఇప్పుడు 100 మి.లీ. నీటిలో 10 గ్రాముల ఉప్పు కలిపి, కవర్ స్లిప్ పక్కన ఒక చుక్క వేయండి. రెండో పక్క వడపోత కాగితం ఆనిస్తే ఉప్పునీరు లోపలికి పాకుతుంది. అది కణంలోని నీటిని బయటికి లాగడంతో కొద్ది నిమిషాల్లో రంగు గోడల నుంచి విడిపోయి మధ్యకు కుంచించుకుపోతుంది. ఆ రంగు ముద్ద అంచునే ప్లాస్మాపొర, అంటే గోడకు లోపల కణాన్ని చుట్టి ఉండే పలచటి పొర, ఉంటుంది. గోడ మాత్రం కదలదు.

జంతుకణానికి కణకవచం లేదు, మంచినీటిలో అది నీరు పీల్చి ఉబ్బి పగిలిపోవచ్చు. అందుకే బుగ్గ కణాలను మంచినీటిలో కాక 0.9 శాతం ఉప్పునీటిలో పెట్టాలి. అవి స్పష్టంగా కనబడడానికి మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు వేయాలి.